తీగ నుంచి వాక్యం దాకా

విజయవాడలో బయల్దేరిన రైలు కృష్ణ వంతెన దాటగానే తగిలే జంక్షన్ కృష్ణా కెనాల్. ఊరు తాడేపల్లి, స్టేషను పేరు మాత్రం కాలువది. ఇక్కడ దారి రెండుగా చీలుతుంది. ఒకటి దుగ్గిరాల, తెనాలి మీదుగా మద్రాసు వైపు పోతుంది, రెండోది మంగళగిరి మీదుగా గుంటూరు వైపు. ఇలాంటి చీలిక దగ్గర రైలు చక్రాన్ని ఏదో ఒక పక్కకు తిప్పేది పాయింటు. ఆ పక్కకు పోవచ్చని డ్రైవరుకు చెప్పేది సిగ్నల్. పాయింటు ఒక మాట, సిగ్నల్ ఇంకొక మాట చెప్పకుండా రెంటినీ కట్టిపడేసేది వాటి వెనక రిలే రూములో ఉన్న సర్క్యూట్. ఆ సర్క్యూట్‌ను కాగితం మీద ఎలా గీయాలన్న ఆలోచనకు నూరేళ్లు పైబడిన చరిత్ర ఉంది. ప్రయాణికుడి కంట ఎన్నడూ పడని ఆ కాగితం గురించి రాయవలసిన అవసరం ఇప్పుడు మునుపటికన్నా ఎక్కువగా ఉంది. సర్క్యూట్ బొమ్మను చదవడానికి వీలుగా గీయడమంటే చేతిరాత బాగుండటం లాంటిదని, ఉంటే మంచిదే, లేకపోయినా పని ఆగదని చాలామంది అనుకుంటారు. రైలు సిగ్నళ్ల చరిత్ర దీన్ని ఒప్పుకోదు. ఫ్యూజు సర్క్యూట్‌లో ఎంత భాగమో, చదవగలిగే బొమ్మా అంతే భాగమని ఆ చరిత్ర చెబుతుంది.

ముందు ఈ చోటి సంగతి కొంత. 1889లో నిజాం రైలు సికింద్రాబాదు నుంచి బెజవాడ (ఇప్పటి విజయవాడ) చేరింది. దక్షిణ మరాఠా రైలు దారి ఇటు గుంటూరు మీదుగా వచ్చింది. 1893లో కృష్ణ మీద రైలు వంతెన నిలిచింది. 1899లో బెజవాడ–మద్రాసు బ్రాడ్‌గేజి పూర్తయింది. 1908లో మద్రాసు, దక్షిణ మరాఠా రైల్వేలు ఒకే కంపెనీ అయ్యాయి. 1951లో ఆ కంపెనీ దారులు దక్షిణ రైల్వేలో కలిశాయి. 1966 అక్టోబరు 2న సికింద్రాబాదు కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. 2003లో గుంటూరుకు సొంత డివిజన్ వచ్చింది. 2019లో ప్రకటించిన దక్షిణ కోస్తా రైల్వేలో విజయవాడ, గుంటూరు డివిజన్లు రెండింటినీ చేర్చాలని నిర్ణయించారు. ఇన్ని చేతులు మారిన చోట పనివాళ్లూ మారతారు, అధికారులూ మారతారు, బోర్డుల మీద పేర్లూ మారతాయి. ఒకరి నుంచి మరొకరికి చెక్కుచెదరకుండా అందవలసింది కాగితమే.

పందొమ్మిదో శతాబ్దపు టెలిగ్రాఫు పుస్తకాలు తెరిస్తే సర్క్యూట్ బొమ్మలు నిజంగా బొమ్మల్లాగే కనబడతాయి. బ్యాటరీ అంటే గాజు జాడీలు, తీగచుట్ట అంటే దారపు ఉండలాంటి ఆకారం, తీగ అంటే గోడ వెంబడి పాకే గీత. వస్తువు కంటికి ఎలా ఉందో అలాగే గీయడం అప్పటి మర్యాద. జాడీలు నాలుగు, తీగచుట్టలు రెండు ఉన్నంత కాలం ఆ మర్యాద చెల్లింది. వస్తువులు పెరిగేసరికి బొమ్మ అడవి అయిపోయింది. వస్తువు ఎక్కడుందో చెప్పడం మానేసి, ఏది దేనికి తగిలి ఉందో మాత్రమే చెప్పాలన్న తెలివి అప్పుడు వచ్చింది. జాడీ పోయి పొడుగూ పొట్టీ గీతల జత మిగిలింది. కృష్ణా డెల్టా వాళ్లకు ఈ తెలివి కొత్తది కాదు. సీతానగరం వైపు గట్టున బయల్దేరే పశ్చిమ డెల్టా కాలువకు నీటిపారుదల శాఖ వాడే లైన్ డయాగ్రమ్ చూడండి. నేల మీద కాలువ ఎన్ని మెలికలు తిరిగినా కాగితం మీద తిన్నటి గీతే. ఏ దూరంలో ఎడమకు తూము, ఏ దూరంలో కుడికి పిల్లకాలువ, ఎక్కడ లాకు అన్నవే అందులో ఉంటాయి. మెలికలు కావాలంటే సర్వే పటం వేరే ఉంది. నీరు ఎవరికి ముందు, ఎవరికి తర్వాత అని తేల్చవలసినవాడికి తిన్నటి గీతే కావాలి. లండన్ భూగర్భ రైలు పటాన్ని 1933లో ఇలాగే మెలికలు తీసేసి గీసి పేరు పొందిన హ్యారీ బెక్ అదే సంస్థ సిగ్నల్ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసినవాడు. ఇవాళ ఊరూరా మెట్రో స్టేషన్లలో కనిపించే పటాల వెనక సిగ్నల్ ఆఫీసు బల్ల అలవాటు ఉంది.

రైలు సిగ్నళ్లలో అసలు మలుపు 1872లో వచ్చింది. విలియం రాబిన్సన్ అనే అమెరికన్ ట్రాక్ సర్క్యూట్‌కు పేటెంటు తీసుకున్నాడు. పట్టాల జతలో ఒక కొస నుంచి కరెంటు పంపి రెండో కొసన ఒక రిలేను, అంటే కరెంటుతో కదిలే స్విచ్చిని, ఎత్తిపట్టి ఉంచుతారు. రైలు వచ్చి నిలిస్తే దాని చక్రాలూ ఇరుసూ రెండు పట్టాలనూ కలిపేస్తాయి. కరెంటు దగ్గరి దారిన తిరిగిపోతుంది, రిలే పడిపోతుంది, సిగ్నల్ ఎర్రబడుతుంది. తీగ తెగినా, బ్యాటరీ చచ్చినా, పట్టా విరిగినా జరిగేది అదే, రిలే పడిపోవడమే. చెడిపోతే ఆపాలి తప్ప చెడిపోయి పోనివ్వకూడదన్న నీతి దాని పుట్టుకలోనే ఉంది. ఒక రిలే ఎత్తుకుంటే దాని కాంటాక్టులు ఎనిమిదో పదహారో ఒక్కసారి కదులుతాయి. ఒక కాంటాక్టు సిగ్నల్ సర్క్యూట్‌లో, ఇంకొకటి పాయింటు సర్క్యూట్‌లో, మరొకటి స్టేషన్ మాస్టరు ముందున్న ప్యానెల్ దీపం సర్క్యూట్‌లో ఉంటుంది. చిక్కు ఇక్కడే మొదలైంది. వస్తువును ఉన్నదున్నట్టు గీయాలంటే తీగచుట్టనూ దాని కాంటాక్టులన్నిటినీ ఒకే చోట గీసి, అక్కడి నుంచి కాగితం నలుమూలలకూ గీతలు లాగాలి. పది రిలేలకే అది సాలెగూడు అవుతుంది. జంక్షన్‌లో ఉండేవి వందల రిలేలు. ఇరవయ్యో శతాబ్దంలో టెలిఫోన్ ఎక్స్‌చేంజీల వాళ్లూ, రైలు సిగ్నళ్ల వాళ్లూ ఒకే పరిష్కారానికి వచ్చారు. రిలేను ముక్కలు చేశారు. తీగచుట్టను ఒక షీటులో గీసి, దాని కాంటాక్టులను ఏ షీటులో పని ఉంటే అక్కడ విడివిడిగా గీశారు. వాటిని కలిపేది పేరు ఒక్కటే. కంటి ముందున్న వస్తువును కాగితం మీద ముక్కలు చేయడానికి ధైర్యం కావాలి. నా దృష్టిలో సర్క్యూట్ బొమ్మల చరిత్రలో ఇంతకన్నా పెద్ద అడుగు లేదు.

పేరే కట్టుతాడు అయినప్పుడు పేర్లకు వ్యాకరణం ఉండాలి. బ్రిటిష్ సిగ్నల్ పద్ధతి నుంచి మనకు వచ్చిన అక్షరాల పేర్లలో ఆ వ్యాకరణం ఉంది. చివరి అక్షరం ఆర్ అయితే అది రిలే. దానికి ముందున్నవి ఆ రిలే దేనిదో, ఏం పని చేస్తుందో చెబుతాయి. టి అంటే ట్రాకు, పి అంటే మరొకదాన్ని అనుకరించేది, కాబట్టి టీపీఆర్ అంటే ట్రాకు రిలే చెప్పింది మళ్లీ చెప్పే రిలే. డబ్ల్యూ అంటే పాయింటు, కె అంటే అది నిజంగా కూర్చుందన్న రుజువు, ముందు ఎన్ ఉంటే మామూలు వైపు, ఆర్ ఉంటే తిప్పిన వైపు. ఎన్‌డబ్ల్యూకేఆర్ అన్న పేరు విన్నవాడికి బొమ్మ చూడకుండానే సంగతి తెలుస్తుంది: పాయింటు మామూలు వైపు సరిగ్గా కూర్చుందని రూఢి చేసే రిలే. మన తత్పురుష సమాసంలో ప్రధానమైన పదం చివర ఉండి, ముందున్న పదాలు దానికి విశేషణంగా నిలిచినట్టే ఇదీ. పేరు పక్కన చిన్న బాణం ఒకటి ఉంటుంది. పైకి ఉంటే మామూలు వేళ ఆ రిలే ఎత్తుకుని ఉంటుంది, కిందికి ఉంటే పడి ఉంటుంది. ఆ చిన్న బాణం లేకపోతే బొమ్మ ఏ క్షణానిదో తెలియదు. రైలు లేని వేళదా, వచ్చిన వేళదా అన్నది చదివేవాడు ఊహించుకోవాల్సి వస్తుంది. ఊహకు చోటివ్వకపోవడమే ఆ బాణం పని.

ఇలా ముక్కలు చేసి గీసిన సర్క్యూట్ వాక్యంలా చదవవచ్చు. ఎడమ కొసన ఇరవై నాలుగు వోల్టుల ధన వైపు, కుడి కొసన రుణ వైపు, వాటి నడుమ ఒక గీత, ఆ గీత మీద కాంటాక్టులు వరసగా, చివర రిలే తీగచుట్ట. సిగ్నల్ రిలే గీతను తెలుగులో చదివితే ఇలా వస్తుంది: ఈ ట్రాకు ఖాళీగానూ ఉండాలి, ఆ పాయింటు సరిగ్గానూ కూర్చోవాలి, లెవెల్ క్రాసింగ్ గేటు మూసీ ఉండాలి, అప్పుడే ఈ రిలే ఎత్తుకుంటుంది. గీత రెండుగా చీలి మళ్లీ కలిస్తే అక్కడ ‘ఇదో, అదో’. వరస కాంటాక్టుకు మన దీర్ఘమైన ‘ఊ’, పక్కపక్క కాంటాక్టుకు మన ‘ఓ’. క్లాడ్ షానన్ 1938లో అచ్చయిన తన ప్రసిద్ధ వ్యాసంలో, రిలే సర్క్యూట్లు తర్కశాస్త్రపు సమీకరణాలేనని, వరస అంటే ఒక రకం కలయిక, పక్కపక్క అంటే ఇంకొక రకం కలయిక అని గణితంగా నిరూపించాడు. కంప్యూటర్ల యుగానికి పునాది అయిన ఆ మాట సిగ్నల్ మెయింటెయినర్ల చేతుల్లో అప్పటికే పనిగా నడుస్తోంది. ఇందులో నాకు ముఖ్యంగా కనిపించేది ఒకటి. వాక్యంగా చదవగలిగిన సర్క్యూట్‌లో తప్పు వాక్యదోషంలా చెవికి తగులుతుంది. గేటు మూసి ఉండాలన్న మాట ఒక సిగ్నల్ గీతలో లేకపోతే చదివేవాడు అక్కడ ఆగిపోతాడు. సాలెగూడు బొమ్మలో అదే లోపం పది మంది కళ్లు దాటిపోతుంది.

చిన్న మర్యాదలు కూడా ఇలా అనుభవం మీద పుట్టినవే. ఒక గీత మీదుగా మరో గీత పోతున్నప్పుడు అవి కలిశాయా, దాటిపోయాయా? పాతకాలంలో దాటిపోయే గీతకు చిన్న గూని పెట్టేవారు. తర్వాత కలిసిన చోట చుక్క పెట్టడం వచ్చింది. చుక్కలోనూ చిక్కుంది. అసలు బొమ్మ నుంచి అమోనియా ప్రింటు, దాని నుంచి మరో ప్రింటు తీసేసరికి చుక్క అరిగిపోవచ్చు, లేదా సిరా మచ్చ చుక్కై కూర్చోవచ్చు. అందుకే మంచి డ్రాఫ్ట్స్‌మన్ నాలుగు గీతలను ఒకే బిందువులో కలపడు, ఒకదాన్ని కాస్త పక్కకు జరిపి మూడేసి గీతల కలయికలు రెండు చేస్తాడు. చుక్క చెరిగినా అర్థం చెరగదు. రిలే పడిపోతే ఎర్రదీపం వెలిగినట్టు, కాగితం చెడినా తప్పు అర్థం రాకూడదన్న జాగ్రత్త ఇది. ఎలక్ట్రానిక్ బొమ్మల్లో సంకేతం ఎడమ నుంచి కుడికి నడవడం, ధన సరఫరా పైన, నేల కింద ఉండటం కూడా ఇలాంటి ఒప్పందాలే. మన దేశంలో గుర్తులకు ఐఎస్ 2032 పేరుతో ప్రమాణాలు 1960లలో రావడం మొదలైంది. రెసిస్టరుకు వంకర గీతా, దీర్ఘచతురస్రమా అన్న వాదం ఇప్పటికీ ఉంది. అది నాకు పెద్ద విషయంగా తోచదు. ఒక షీటులో ఒకటే వాడితే చాలు.

ఈ వాదానికి ఎదురుమాటలు ఉన్నాయి. మొదటిది పనిలో ముదిరినవాళ్ల నుంచి వస్తుంది. ఇరవై ఏళ్లు ఒకే స్టేషను చూసినవాడికి కాగితం ఎందుకు, ఏ తీగ ఎక్కడుందో చీకట్లో కూడా చెప్పగలడు అంటారు. నిజమే, చెప్పగలడు. అలాంటి జ్ఞాపకశక్తి మీద వేల రైళ్లు క్షేమంగా నడిచాయి, ఆ మనుషులకు ఈ దేశం రుణపడి ఉంది. కానీ ఆ జ్ఞాపకం అతనితో బదిలీ అవుతుంది, అతనితో పదవీ విరమణ చేస్తుంది. కృష్ణా కెనాల్ చుట్టుపక్కల శతాబ్దానికి పైబడిన కాలంలో ఎన్ని కంపెనీలు, ఎన్ని జోన్లు మారాయో పైన చూశాం. అందులోనూ ఫెయిల్యూర్ వచ్చే వేళ వేరు. కంట్రోలు ఆఫీసు నుంచి నిమిషానికో ఫోను వస్తుంటుంది, వెనక రైళ్లు నిలిచి ఉంటాయి, జ్ఞాపకం అప్పుడే మోసం చేస్తుంది. వాక్యంలా చదవగలిగే షీటు చేతిలో ఉంటే కొత్తవాడు కూడా ఎడమ నుంచి మొదలుపెట్టి, ఏ కాంటాక్టు దగ్గర ఇరవై నాలుగు వోల్టులు ఆగిపోయాయో మీటరుతో చూసుకుంటూ పోగలడు.

రెండో అభ్యంతరం దీనికన్నా బరువైనది. చదవడానికి వీలుగా గీసిన బొమ్మ నిజాన్ని దాస్తుంది అంటారు. కాగితం మీద రెండు కాంటాక్టులు పక్కపక్కనే ఉంటాయి, నేల మీద ఒకటి రిలే రూములో, ఒకటి కిలోమీటరు దూరాన పట్టాల పక్కనుండే లొకేషన్ బాక్సులో ఉంటుంది. నడుమ కేబుల్, అందులో ఫలానా కోరు, ఫలానా టెర్మినల్. అందమైన వాక్యంలో ఇవేవీ కనిపించవు. ఈ మాటను తోసిపుచ్చడానికి వీల్లేదు, దానికి 2023 జూన్ 2 సాక్ష్యం. షాలిమార్ నుంచి మద్రాసు వస్తున్న కోరమండల్ ఎక్స్‌ప్రెస్‌కు ఒడిశాలోని బహనాగా బజార్ స్టేషనులో మెయిన్ లైనుకు పచ్చదీపం వచ్చింది, ఒక లైను నుంచి మరోదానికి మళ్లించే క్రాసోవరు పాయింటు మాత్రం లూప్ లైను వైపు తిరిగి ఉంది. లూప్‌లో గూడ్సు బండి నిలిచి ఉంది. 290 మందికి పైగా చనిపోయారు. 94వ నంబరు గేటు లిఫ్టింగ్ బ్యారియరు మార్చే పనిలోనూ, అంతకు మునుపు ఉత్తరపు సిగ్నల్ గూమ్టీలో (చిన్న గదిలో) సిగ్నల్ సర్క్యూట్ మార్చినప్పుడూ జరిగిన లోపాలే కారణమని రైల్వే భద్రతా కమిషనర్ తేల్చినట్టు ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. లొకేషన్ బాక్సులో తీగలకు పెట్టిన లేబుళ్లు తప్పుగా ఉన్నాయనీ, ఏళ్ల తరబడి ఎవరూ పసిగట్టలేదనీ కమిషనర్ నివేదికలో ఉంది. బహనాగా బజార్ కూడా ఉన్న ఖరగ్‌పూర్ డివిజన్‌లోని బాంక్రా నయాబాజ్‌లో 2022 మేలో తప్పు వైరింగు వల్ల ఇలాంటి ఘటనే జరిగిందనీ, అప్పుడే దిద్దుకుని ఉంటే ఇది జరిగేది కాదనీ కూడా ఆ నివేదిక చెప్పింది. ఆ కోరమండల్ ఎక్స్‌ప్రెస్ మామూలుగా విజయవాడలో ఆగి, కృష్ణ దాటి, తాడేపల్లి మీదుగానే మద్రాసు చేరుతుంది.

అయితే ఈ ఘోరం సులువుగా చదవగలిగే బొమ్మకు వ్యతిరేకంగా సాక్ష్యం చెబుతోందా? నాకలా అనిపించదు. వాక్యంలాంటి సర్క్యూట్ షీటుకు జోడీగా రెండో షీటు ఎప్పుడూ ఉంది: ఏ కాంటాక్టు ఎన్నో నంబరు రిలేలో వాడారు, ఏ కేబుల్‌లో ఏ కోరు, ఏ బాక్సులో ఏ టెర్మినల్ అన్న పట్టికలు. కాలువకు లైన్ డయాగ్రమూ, సర్వే పటమూ రెండూ ఉన్నట్టే. మొదటిది అర్థం చెబుతుంది, రెండోది చిరునామా చెబుతుంది. రెంటినీ ఒకే కాగితంలో కుక్కితే పాత సాలెగూడే మిగులుతుంది, రెండు పనులూ చెడతాయి. వాటిని విడదీయడం సరైనదే. విడదీసిన రెండూ ఒకదానితో ఒకటి, నేల మీది తీగతో రెండూ సరిపోలాలి. బాక్సులో తీగ మార్చిన పూటే షీటు మారాలి, షీటు మారిన పూటే లేబుల్ మారాలి. లేబుల్ కూడా బొమ్మలో భాగమే, ఉక్కు డబ్బాలో అతికించిన భాగం. తప్పు పేరున్న తీగ చదవడానికి సులువుగానే ఉంటుంది, ఆ సులువే మనిషిని నమ్మించి ముంచుతుంది. కాబట్టి చదవగలగడం అన్న మాటకు స్పష్టత ఒక్కటే చాలదు, నిజం కూడా అందులో ఉండాలి. నూరేళ్ల చరిత్రలో స్పష్టత మీద పెట్టినంత శ్రద్ధ ఈ రెండో సగం మీద పెట్టలేదన్నది నా తీర్పు.

ఇక రిలేల కాలమే పోయింది కదా అనేవాళ్లు ఉన్నారు. ఇప్పుడు ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ వచ్చింది, గదినిండా రిలేలు చేసే పని బీరువాలోని కార్డులు చేస్తున్నాయి. రైళ్లు ఢీకొనకుండా ఆపే కవచ్ వ్యవస్థ వచ్చింది. దాన్ని మొదట తయారుచేసిన మేధా, హెచ్‌బీఎల్, కెర్నెక్స్ సంస్థలు మూడూ హైదరాబాదువే. అయినా ఆ కార్డుల్లోకి ఎక్కించే తర్కం తెరిచి చూస్తే అవే పేర్లు కనిపిస్తాయి: ట్రాకుకు టీపీఆర్, పాయింటుకు ఎన్‌డబ్ల్యూకేఆర్. ‘ఊ’, ‘ఓ’ల వాక్యాలు సమీకరణాలుగా మారాయి, అంతే. బయట పాయింటు మోటారు, దీపం, గేటు, లొకేషన్ బాక్సు ఎప్పట్లాగే రాగి తీగలతోనే కలిసి ఉన్నాయి. బహనాగా బజార్‌లో ఉన్నది ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగే. యంత్రానికి తప్పు తీగ ద్వారా తప్పు కబురు అందితే అది ఎంతో నిష్ఠగా తప్పు సిగ్నలే ఇస్తుంది. బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ కూడా పేర్లు కలిశాయో లేదో చూడగలదు, అర్థం కలిసిందో లేదో చూడలేదు. గీతల్ని మెషిను తిన్నగా గీస్తోంది కాబట్టి బొమ్మ చదవడానికి వీలుగా ఉందనుకోవడం ఈ తరం పొరపాటు.

ఈ బొమ్మలు చదవడం నేర్పే చోటు ఒకటుంది. 1957 నవంబరు 24న సికింద్రాబాదులో రైలు సిగ్నల్, టెలికాం పనివారికి, ఇంజినీర్లకు శిక్షణ ఇచ్చే సంస్థ మొదలైంది. ఇవాళ ఇరిసెట్ అని పిలిచేది దాన్నే. దేశం నలుమూలల సిగ్నల్ మనుషులు ఆ సంస్థ ఉన్న తార్నాకకు వచ్చి ఈ గీతలు చదవడం నేర్చుకుని వెళ్తున్నారు. ఆ తలుపు దాకా చేరని పిల్లలు గుంటూరు, ప్రకాశం జిల్లాల ఐటీఐల్లో, పాలిటెక్నిక్‌లలో వేలమంది ఉన్నారు. వాళ్లకు సర్క్యూట్ బొమ్మ పరీక్షలో మార్కులకు గీసే ఆకారంగానే తెలుసు. అక్కడ పాఠం చెప్పే మాస్టార్లకు ఒక మనవి. బొమ్మ గీయించే ముందు దాన్ని తెలుగులో గట్టిగా చదివించండి, ఎడమ నుంచి కుడికి, ‘ఉండాలి’ అన్న మాటతో ముగిసేలా. చదవలేని చోట గీత మార్చమనండి. బల్ల మీద తీగ ఒక్కటి మార్చినా అదే పూట కాగితం దిద్ది, కింద తేదీ వేసి సంతకం పెట్టించండి.